మెడకు నార.. మోతకు నైలాన్!

పార్టీ పగ్గాలు ఎవరి చేతికి? పెరిగే ధరలకు ముక్కుతాడు వేసేదెవరు? పొద్దున్నే పేపరు తిరగేస్తే ఇలాంటి శీర్షికలు ఒకటో రెండో కంటపడక మానవు. మోయలేని బాధ్యతను గుదిబండ అంటాం. ఇష్టం లేని పెళ్లిలో మెడలో పడిన తాళిని పలుపుతాడని ఈసడించుకునే డైలాగులు సినిమాల్లో ఎన్ని విన్నామో లెక్కలేదు. వెనకా ముందూ చూడకుండా తలూపే వాడిని చూస్తే ‘ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నాడట’ అని సామెత విసురుతాం.

మాటల్లో తాళ్లకు కొదవ లేదు. కొట్టాల్లోనే అవి కరవైపోయాయి. పగ్గం, పలుపు, ముక్కుతాడు.. వీటిలో ఒక్కదాన్నైనా చేత్తో పట్టుకుని చూసిన పిల్లలు బెంగళూరు తెలుగు ఇళ్లలో ఎందరుంటారు? పిల్లల మాట అలా ఉంచండి. కోలారు, చిక్కబళ్లాపురం, హిందూపురం పల్లెల్లో ఇవాళ్టికీ ఆవును మేపే ఇళ్లలో కూడా కొట్టంలోకి తొంగి చూస్తే కనిపించేది నీలం రంగు, ఎర్ర రంగు ప్లాస్టిక్ తాడే.

బెంగళూరు కె.ఆర్.మార్కెట్ వైపు వెళ్లి చూడండి. దుకాణాల ముందు రంగు రంగుల తాళ్ల చుట్టలు వేలాడుతుంటాయి. నార తాళ్లు అసలు దొరకవని కాదు. దొరుకుతాయి. కాకపోతే వాటి దారి మారింది. హోటళ్ల గోడలకు, పెళ్లి మండపాల అలంకరణకు, కాఫీ షాపుల్లో దీపాలు వేలాడదీయడానికి జనపనార తాడు వెళుతోంది. పల్లెటూరి వాతావరణం కావాలని నగరం నార తాడును గోడకు చుట్టుకుంటోంది. పల్లెటూరు మాత్రం ప్లాస్టిక్ తాడును ఆవు మెడకు చుడుతోంది. ఇంతకు మించిన విడ్డూరం ఉందా?

ఇది పాత రోజుల కోసం పెట్టే కన్నీరు కాదు. తాడు మారితే మారింది, పని జరిగితే చాలు అనుకోవచ్చు. కానీ ఇక్కడ బాధ పడుతున్నది తాడు కాదు, మెడ.

ఒక్కో పనికి ఒక్కో తాడు

తాడు అంటే ఒక్కటే తాడు కాదు. పశువు మెడకు వేసి గుంజకు కట్టేది పలుపు. దాన్నే కొన్ని ఊళ్లలో తలుగు అంటారు. ఎద్దు ముక్కు దూలానికి పొడిచి వేసేది ముక్కుతాడు. రాయలసీమ వాడుకలో మూకుతాడు. నాగలి దున్నేటప్పుడు, బండి తోలేటప్పుడు ఎద్దులను అదుపు చేసేందుకు పట్టుకునేవి పగ్గాలు. పొడవాటి తాడుకు వరసగా చిన్న తాళ్లు కట్టి, నాలుగైదు దూడలను ఒకేచోట కట్టేసేది దామెన. పాలు పితికేటప్పుడు కాళ్లు విదిలించే ఆవుకు వేసేది బందం. నూర్పిడి కళ్లంలో, పైరు మధ్య గుంటక తోలేటప్పుడు ఎద్దు నోటికి తొడిగే తాళ్ల బుట్ట చిక్కం. బండి మీద కసువు మోపులను బిగించేది, బావిలోంచి నీళ్లు తోడేది మోకు. పైర్ల మీద పడే దొంగ గొడ్డు మెడలో వేలాడదీసే కొయ్యే మనం రోజూ మాట్లాడే గుదిబండ.

కన్నడంలో తాడును హగ్గ అంటారు. పశువును కట్టేది కణ్ణి. ముక్కుతాడు మూగుదార. సరిహద్దు ఊళ్లలో ఒకే కొట్టంలో ఈ రెండు భాషల మాటలూ కలిసే తిరుగుతాయి. అత్త పలుపు అంటే కోడలు కణ్ణి అంటుంది. ఆవుకు మాత్రం రెండూ ఒకటే. తాడు పోతే రెండు భాషల్లోనూ ఆ మాట పోతుంది. మిగిలేది నైలాన్ అనే ఒక్క మాటే.

పండగల్లో కూడా ఈ తాళ్ల ముచ్చట ఉంది. జ్యేష్ఠ మాసం పున్నమికి మనకు ఏరువాక. ఊరి మొదట్లో గోగునారతో తోరణం కట్టి, రైతులు చెర్నాకోలలతో దాన్ని కొట్టి తెంపుతారు. ఎవరికి దొరికిన నారపోగు వారు తెచ్చుకుని నాగలికో, ఎద్దు మెడకో కట్టుకుంటారు. అదే పున్నమి కన్నడిగులకు కార హుణ్ణిమె. ఉత్తర కర్ణాటక పల్లెల్లో తోరణం కట్టి ఎద్దులను పరుగెత్తించి దాన్ని తెంపిస్తారు. ‘కరి హరియువుదు’ అనే ఈ వేడుకలో తోరణం తెంచిన ఎద్దు రంగును బట్టి ఆ ఏడు ఏ పంట బాగా వస్తుందో చెప్పుకుంటారు. సేద్యం మొదలయ్యే రోజున నారకు ఇచ్చిన మర్యాద అది. తొలకరికి ముందు కొత్త తాళ్లు సిద్ధంగా ఉండాలనే హెచ్చరిక కూడా అందులో ఉంది.

నార ఎక్కడి నుంచి?

పశువుల తాళ్లకు పేరు పడింది జనుము. పసుపు పూలు పూసే పప్పుజాతి మొక్క. గాలిలోని నత్రజనిని వేళ్ల ద్వారా నేలకు చేరుస్తుంది. పూత దశలో దున్నేస్తే పచ్చిరొట్ట ఎరువు. కాయ పట్టేదాకా నిలిపితే నార. కోసిన కట్టెలను మోపులు కట్టి, పైన రాళ్లు పెట్టి కుంట నీటిలో ముంచుతారు. నాలుగు రోజులు దాటాక బెరడు జారుతుందో లేదో రోజూ చూస్తారు. తొందరపడి తీస్తే నార కట్టెను వదలదు. మరీ నాననిస్తే కుళ్లి బలం పోతుంది. సరైన రోజున తీసి, ఒలిచి, నీళ్లలో జాడించి ఆరేస్తే తెల్లగా, మెత్తగా మెరిసే నార చేతికొస్తుంది.

రెండోది గోగు. గోంగూర పచ్చడి అంటే లొట్టలేసే తెలుగువాళ్లకు గోగు కట్టె నుంచి తాడు వస్తుందని చెబితే ఇవాళ నమ్మరు. కన్నడంలో దీన్ని పుండి అంటారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ గోగు పంటే జనపనార మిల్లులకు ముడిసరుకు. మన సీమ వైపు మాత్రం మిల్లు దాకా వెళ్లే మాటే లేదు. ఇంటికి కావలసినంత గట్ల వెంట వేసుకునేవారు.

మూడోది కిత్తనార. కన్నడంలో కత్తాళె. మెక్సికో నుంచి వచ్చిన ఈ ముళ్ల మొక్క రైలు కట్టల పొడవునా, చేల గట్ల మీదా కంచెగా పాతుకుపోయింది. దాని మట్టలను చితక్కొట్టి నానబెడితే మొరటు నార వస్తుంది. పచ్చి రసం తగిలితే ఒళ్లంతా దురద. అందుకే కిత్తనారను మోకులకు, బరువులు కట్టడానికి వాడారు గానీ పశువు మెడకు జనుమునే ఎంచుకున్నారు. మోదుగ వేళ్ల నారతోనూ తాళ్లు పేనిన ఊళ్లున్నాయి. మెత్తనిది మెడకు, మొరటుది మోతకు. ఈ తేడా పెద్ద చదువులు లేని రైతుకు బాగా తెలుసు.

పురిలోనే ఉంది కిటుకు

తాడు పేనడం చూస్తే ఏముందిలే అనిపిస్తుంది. పట్టుకుంటే గానీ తెలియదు. నారను తడిపి, దువ్వి, చిన్న చిన్న పాయలుగా విడదీస్తారు. తొడ మీదో, అరచేతుల మధ్యో ఒక దిక్కుకు మెలిపెడితే పురి పడుతుంది. పాయ అయిపోయేలోపే కొత్త పాయ కలపాలి. కలిపిన చోటు లావెక్కకూడదు, సన్నబడకూడదు. అలా తయారైన మూడు పేటలను కలిపి ఎదురు దిక్కుకు మెలిపెడతారు. విడివిడి పేట ఒకవైపు విప్పుకోవాలని చూస్తుంది. మొత్తం తాడు ఇంకోవైపు విప్పుకోవాలని చూస్తుంది. ఒకదాన్నొకటి పట్టుకుని రెండూ ఆగిపోతాయి. గడ్డిపోచలు కలిస్తే ఏనుగును కట్టేయవచ్చన్న సామెత వెనుక ఉన్న లెక్క ఇదే.

తాడు పొడవుగా కావాలంటే ఒక్కరి వల్ల కాదు. ఇద్దరు చెరో కొసన నిలబడి తిప్పుతుంటే మూడో మనిషి మధ్యలో పేటలను సర్దాలి. వేసవిలో పనుల్లేని రోజుల్లో రచ్చబండ దగ్గర, వేపచెట్టు నీడన ఈ పని సాగేది. మాటలు నడుస్తుండగానే చేతులు పేనేవి. పిల్లలు కొస పట్టుకుని తిప్పుతూ తిప్పుతూ నేర్చుకునేవారు. దీనికి బడి లేదు, పుస్తకం లేదు. ఇప్పుడు ఆ పురి తెలిసిన చేతులకు వయసు మీద పడింది. వారి దగ్గర కొస పట్టుకునే పిల్లలు బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు.

ముడి వేయడంలోనూ తెలివి ఉంది. మెడకు వేసే ఉచ్చు బిగుసుకోకూడదు. పశువు బెదిరి లాగినా మెడ నలగకుండా నిలబడే ముడి కావాలి. గుంజ దగ్గర వేసేది మాత్రం జారుముడి. ఒక్క గుంజు గుంజితే ఊడిరావాలి. మెడకూ తాడుకూ మధ్య చెయ్యి దూరేంత జాగా ఉండాలి. దూడకైతే నెలనెలా చూసి వదులు చేయాలి. ఈ నాలుగు సంగతులు తెలియని వాడి చేతికి పెద్దలు పలుపు ఇచ్చేవారు కాదు.

ఎందుకు పోయింది?

రైతును తప్పుపట్టి లాభం లేదు. తాడు ఒక్కటే పోలేదు, దాని చుట్టూ ఉన్నవన్నీ పోయాయి. కపిల బావులు ఉన్నన్నాళ్లు మోకు లేనిదే చుక్క నీరు పైకి రాలేదు. కరెంటు మోటార్లు వచ్చాయి, కపిల మూలపడింది. తర్వాత బావులే ఎండి బోర్లు వచ్చాయి. దున్నడానికి ట్రాక్టరు వచ్చింది, పగ్గం అటకెక్కింది. బెంగళూరు గ్రామీణ జిల్లా, కోలారు మెట్ట చేలల్లో నీలగిరి తోటలు లేచాయి. గట్టున జనుము వేసుకునే చోటు తగ్గింది. నార నానబెట్టడానికి కుంటలో నీళ్లుండాలి. వరస కరవులతో కోలారు చెరువులు ఎంత ఎండాయంటే, 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి పైపుల్లో పంపి వాటిని నింపుతున్నారు. అలాంటి చోట నార నానబెట్టమంటే ఎవరు వింటారు?

ఇదిలా ఉండగా నైలాన్ వచ్చింది. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో 1935లో పుట్టిన ఈ పోగు మొదట పళ్లు తోముకునే బ్రష్షుల్లోకి, ఆడవాళ్ల మేజోళ్లలోకి వెళ్లింది. 1950లలో పాలీప్రొపిలీన్ అనే మరో ప్లాస్టిక్ వచ్చింది. మన సంతల్లో నైలాన్ తాడు పేరుతో అగ్గువకు అమ్మేదాంట్లో చాలా మటుకు ఈ రెండో రకమే. వానకు నానదు, చెదలు పట్టదు, ఎలుక కొరికినా తొందరగా తెగదు, ధర తక్కువ. నార తాడైతే వానాకాలంలో కుళ్లుతుంది. ఏడాదికో, రెండేళ్లకో కొత్తది పేనుకోవాలి. కూలి దొరకని రోజుల్లో రెండు పూటలు కూర్చుని తాడు పేనే తీరిక ఎవరికుంది? డబ్బులు లెక్కేసుకునే రైతు ప్లాస్టిక్ తాడు కొనడంలో ఆశ్చర్యం లేదు.

ప్రపంచమంతా ఇదే కథ. నార పంటలు పండించే పేద రైతుల సంగతి గుర్తు చేయడానికి ఐక్యరాజ్యసమితి 2009ని అంతర్జాతీయ సహజ నారల సంవత్సరంగా పాటించింది. మన దేశంలోనూ జనుము మీద పరిశోధనకు ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్‌లో, కిత్తనార జాతి మొక్కల మీద ఒడిశాలోని బామ్రాలో కేంద్రాలున్నాయి. ఆ పరిశోధనల మంచి చెడ్డలు మన ఊరి పాల కేంద్రం అరుగు దాకా మాత్రం రాలేదు.

కట్టు కాలం పెరిగింది

లెక్కలో రైతు గెలిచాడు, సరే. ఆవు సంగతేంటి? అసలు మాట ఇక్కడుంది.

వెనకటికి పశువు కట్టుకొయ్య దగ్గర ఉండేది రాత్రిపూటే. తెల్లారితే పలుపు విప్పి మందలో వదిలేవారు. గోమాళ భూముల్లో, చెరువు కట్టల వెంట, గుట్టల మీద మేసి పొద్దుగూకే వేళకు ఇల్లు చేరేది. ఇప్పుడు గోమాళం ఎక్కడుంది? బెంగళూరు చుట్టూ ఎన్నో చోట్ల అవి లేఅవుట్లు అయ్యాయి. మిగిలినచోట ఆక్రమణలు. మంద కాసే మనిషి లేడు. పైగా ఇంట్లో ఉన్నది హళ్లికార్ ఆవు కాదు, ఎక్కువ పాలిచ్చే సంకరజాతి ఆవు. ఎండకు తట్టుకోదు, దూరం నడవలేదు. దానికి గడ్డి, దాణా, నీళ్లు అన్నీ కట్టిన చోటికే తెస్తారు. 2019 పశుగణన ప్రకారం దేశంలో పశువులు 19 కోట్లకు పైగా. 2012తో పోలిస్తే దేశవాళీ పశువులు 6 శాతం తగ్గితే, విదేశీ, సంకరజాతి పశువులు సుమారు 27 శాతం పెరిగాయి.

అంటే ఏమిటి? రాత్రి మాత్రమే పలుపుతో ఉన్న పశువు ఇప్పుడు పగలూ రాత్రీ పలుపుతోనే ఉంటోంది. ఈనినా అక్కడే, పడుకున్నా అక్కడే. బెంగళూరు సందుల్లో, రెండు గోడల మధ్య రేకుల కింద పాలిచ్చే ఆవులదీ అదే బతుకు. పశువు తాడుతో గడిపే కాలం రెట్టింపైంది. సరిగ్గా అదే కాలంలో తాడు నాణ్యత సగానికి దిగిపోయింది. మెత్తటి తాడు ఎక్కువ అవసరమైన రోజుల్లోనే మనం మొరటు తాడుకు మారాం. ఈ తిరకాసును ఎవరూ పట్టించుకోలేదు.

ప్లాస్టిక్ తాడు చెమటను పీల్చదు. లాగినప్పుడు రాపిడికి వేడెక్కి చర్మాన్ని ఒరుస్తుంది. వెంట్రుకలు ఊడతాయి, తోలు కమిలిపోతుంది, పుండు పడుతుంది. ఈగ వాలితే పురుగు పడుతుంది. దూడకు కట్టిన తాడును మరిచిపోతే ఇంకా ఘోరం. దూడ పెరుగుతుంది, తాడు పెరగదు. నార తాడైతే నాని, చివికి ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. ప్లాస్టిక్ తాడు తెగదు, తోలును కోసుకుంటూ లోపలికి దిగుతుంది. ముక్కుతాడు సంగతి చెప్పనక్కర్లేదు. ముక్కు లోపలి తోలు ఎంత మెత్తనో అందరికీ తెలుసు. సన్నని నైలాన్ తాడు అక్కడ కత్తితో సమానం.

ఇంకొకటి ఉంది. ఎండకు ప్లాస్టిక్ తాడు పొరలు పొరలుగా చిట్లి పోగులు రాలుతాయి. పశువుకు దొరికింది నమిలే అలవాటు. నార పోగు కడుపులోకి వెళితే అరిగిపోతుంది. ప్లాస్టిక్ పోగు అరగదు. ప్లాస్టిక్ సంచులతో పాటు తాళ్ల ముక్కలు కూడా చేరి ఉండలు కట్టి పశువుల పొట్ట నింపేస్తున్నాయని పశువైద్యులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు.

ఎండాకాలం వామి అంటుకుని కొట్టానికి నిప్పు పాకిన వార్తలు ఏటా వస్తుంటాయి. కట్టేసిన పశువులు కట్టేసినట్టే కాలిపోతాయి. జారుముడి ఉంటే ఒక్క గుంజుతో విప్పొచ్చు. ప్లాస్టిక్ తాడు వేడికి కరిగి ముడి గడ్డకడుతుంది, కరిగిన తాడు తోలుకు అంటుకుంటుంది. ఇనుప గొలుసైతే చెయ్యి పెట్టనివ్వదు. ఇలాంటి వేళ ఆవును కాపాడేది తాడు ధర కాదు, ముడి వేసిన తీరు.

నార తాడు దేవుడేం కాదు

అలాగని పాతదంతా బంగారమని చెప్పడం అబద్ధం. నార తాడుతోనూ మెడలు ఒరుసుకుపోయాయి. ముక్కుతాడు ఎప్పుడైనా నొప్పే. నానిన నార తాడు ఆరాక గట్టిపడి గీరుకుంటుంది. మురికి పట్టిన తాడును ఒక గొడ్డు నుంచి ఇంకో గొడ్డుకు మారిస్తే చర్మ రోగాలూ మారతాయి. పశువును కట్టకుండా పెంచగలిగితే అంతకంటే మంచిది లేదు. చుట్టూ కంచె వేసి, మధ్యలో నీళ్ల తొట్టి పెట్టి ఆవులను విడిచిపెట్టే పద్ధతిని పశువైద్యులు మెచ్చుకుంటున్నారు. జాగా ఉన్నవారు ఆ దారి పట్టడమే మేలు. కానీ రెండు ఆవులు, అరెకరం నేల ఉన్న ఇంటికి అది కుదరదు. వారికి తాడు తప్పదు. తాడు తప్పనప్పుడు ఏ తాడు అన్నదే ప్రశ్న.

చట్టం కూడా ఈ మాట చెబుతోంది. జంతు హింస నివారణ చట్టం 1960లో వచ్చింది. పశువును మరీ పొట్టి తాడుతోనో, మరీ బరువైన గొలుసుతోనో అన్యాయంగా ఎక్కువసేపు కట్టి ఉంచడం నేరమని దాని 11వ సెక్షన్ చెబుతోంది. ముక్కుతాడు వేయడాన్ని అదే సెక్షన్ నేరంగా చూడదు, కానీ నిర్ణీత పద్ధతిలోనే వేయాలంటుంది. ఈ సంగతి ఎన్ని కొట్టాల్లో తెలుసు? పాలలో వెన్న శాతం చూసే యంత్రం ప్రతి సొసైటీలో ఉంది. ఆవు మెడ చూసే కన్ను ఎక్కడుంది?

బెంగళూరుకు బాధ్యత లేదా?

పశువు మాట ఎత్తితే అది పల్లెటూరి గొడవ అని నగరం తప్పించుకోలేదు. పశుపోషణలో బెంగళూరుకు పెద్ద చరిత్రే ఉంది. ఆడుగోడిలో 1923లో పశుపోషణ, పాడి శిక్షణ సంస్థ మొదలైంది. నందికొండ మీద విశ్రాంతి తీసుకుని 1927లో బెంగళూరు దిగివచ్చిన గాంధీజీ అక్కడికి వెళ్లి ఆవుల పెంపకం గురించి పాఠాలు నేర్చుకున్నారు. జాతీయ పాడి పరిశోధన సంస్థ దక్షిణ కేంద్రం ఇవాళ అక్కడే ఉంది. హెబ్బాళలో పశువైద్య కళాశాల ఉంది. జి.కె.వి.కె.లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా నవంబరులో జరిపే కృషి మేళాకు సరిహద్దు అవతలి నుంచి మన రైతులు కూడా బస్సులు కట్టుకుని వెళుతుంటారు. నందిని పాలు తాగని ఇల్లు నగరంలో అరుదు. ఇన్ని ఉన్న ఊరిలో ఆవు మెడకు మంచి తాడు ఏదన్న ప్రశ్నకు జవాబు దొరకకపోతే ఎలా?

చేయాల్సింది కొండంత కాదు. మొదటిది, పాల సొసైటీలు దాణా, ఖనిజ లవణ మిశ్రమం అమ్మినట్టే మెత్తటి నార పలుపు, నూలు పలుపు అసలు ధరకు అమ్మాలి. ఒక ఆవుకు ఏడాదికి కావలసింది ఒకటో రెండో తాళ్లు. పాల లెక్కలో అదెంత? రెండోది, తాడు పేనడం తెలిసిన పెద్దలు ఉండగానే ఊళ్లలోని మహిళా సంఘాలకు ఆ విద్య నేర్పించాలి. కృషి మేళాలో ట్రాక్టర్లకు, డ్రోన్లకు ఇచ్చే చోటులో మూలన ఒక్క గుడారం తాడు పేనే పెద్దాయనకు ఇస్తే చాలు. చూసేవాళ్లు వాళ్లంతట వాళ్లే నిలబడతారు.

మూడోది రైతు చేతిలోనే ఉంది. ఆంధ్రాలో పచ్చిరొట్ట కోసం రాయితీ మీద ఇచ్చే విత్తనాల్లో జనుము ఒకటి. విత్తనం ఎలాగూ ఇంటికి వస్తోంది. పూతకు రాగానే అంతా దున్నేయకుండా గట్టు వెంట నాలుగు సాళ్లు వదిలేస్తే ఇంటి పలుపులకు సరిపడా నార వస్తుంది. నానబెట్టడానికి చెరువే అక్కర్లేదు, బోరు పక్కన చిన్న తొట్టి చాలు. ఇరుగు పొరుగు నాలుగు ఇళ్లు కలిస్తే పని ఇంకా తేలిక.

ఇవేవీ కుదరకపోతే? కొట్టంలో ఉన్న ప్లాస్టిక్ తాడుకే మెడ తగిలే మేర పాత నూలు బట్టను చుట్టి కుట్టేయండి. మాసినప్పుడు మార్చండి. ముక్కుతాడుకు మాత్రం నూలో, నారో తప్ప ఇంకేదీ వాడకండి. దూడ మెడ తాడును నెలకోసారి చూడండి. గుంజ దగ్గర జారుముడి వేయడం ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి. దీనికి పైసా ఖర్చు లేదు. నైలాన్‌ను తగలెయ్యమని ఎవరూ అనడం లేదు. బండి మీద బస్తాలు బిగించడానికి, పందిరి కట్టడానికి దానంత మంచిది లేదు. మెడకు నార, మోతకు నైలాన్. మన పెద్దలు జనుముకూ కిత్తనారకూ మధ్య పాటించిన తేడానే ఇది. పేర్లు మారాయంతే.

దొడ్డబళ్లాపురం దగ్గర ఘాటి సుబ్రహ్మణ్యలో చలికాలం దనగళ జాతర జరుగుతుంది. మేలైన హళ్లికార్ కోడెల కోసం సరిహద్దు అవతలి నుంచి మన రైతులూ అక్కడికి వెళుతుంటారు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం కుదిరాక, డబ్బులు చేతులు మారాక చివరగా జరిగే పని ఒకటుంది. రెండు రాష్ట్రాల పల్లెల్లోనూ చాలామంది పాటించే ఆచారం అది. అమ్మినవాడు పశువును ఇస్తాడు గానీ పలుపును ఇవ్వడు. తన తాడు విప్పి భుజాన వేసుకుంటాడు. కొన్నవాడు తాను తెచ్చుకున్న కొత్త పలుపు కడతాడు. పలుపుతో పాటు ఇంటి పాడి వెళ్లిపోతుందని నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా అందులో ఒక నీతి ఉంది. గొడ్డును కొనుక్కోవచ్చు గానీ దాన్ని కట్టే తాడు మాత్రం ఎవరి ఇంటి నుంచి వారే తెచ్చుకోవాలి. ఆ తాడు బాధ్యత వారిదే.

ఈసారి జాతర నుంచి కోడెను తోలుకొచ్చే రైతన్న ఆ కొత్త పలుపు ఏదో ఒక్కసారి చేత్తో తడిమి చూసుకోవాలి. తన మెడకు వేసుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించుకోవాలి. అంతకంటే వేరే పరీక్ష అక్కర్లేదు.